అడ్మినిస్ట్రేటర్ అధికారం ముగిశాక మిగిలిన ఆస్తి సంగతేమిటి?

చనిపోయినవారి ఆస్తికి కోర్టు ఒకసారి అడ్మినిస్ట్రేటర్‌ను నియమించి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆ ఆస్తి వ్యవహారాలు చూసే అధికార పత్రం) ఇచ్చిందంటే ఇక ఆ కాగితానికి తిరుగులేదని చాలా కుటుంబాలు అనుకుంటాయి. మామూలు మంజూరు విషయంలో అది చాలావరకు నిజమే. పని పూర్తయ్యేదాకా, కోర్టు రద్దు చేసేదాకా, లేదా అడ్మినిస్ట్రేటర్ కన్నుమూసేదాకా దాని బలం తగ్గదు. డ్రైవింగ్ లైసెన్సులా ఇన్నేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలన్న నిబంధన 1925 నాటి భారత వారసత్వ చట్టంలో ఎక్కడా లేదు. కానీ అదే చట్టం కింద కొన్ని మంజూరులు మొదటి నుంచే పరిమితితో వస్తాయి. ఫలానా వ్యక్తికి మైనారిటీ తీరే వరకు, ఫలానా వారసుడు తన పేరున తెచ్చుకునే వరకు, ఫలానా కేసు తేలే వరకు అని ఉత్తర్వులో ఒక్క వాక్యం ఉంటుంది. ఇంట్లో దాన్ని మళ్లీ ఎవరూ చదవరు. ఆ గడువు తీరిన రోజున కోర్టు నుంచి నోటీసు రాదు, బ్యాంకు నుంచి ఫోన్ రాదు. అద్దెలు వస్తూనే ఉంటాయి, సంతకాలు జరుగుతూనే ఉంటాయి. ఏదో రిజిస్ట్రేషన్ సమయంలోనో, ఏదో వాయిదాలోనో అవతలి లాయరు పాత ఉత్తర్వు తీసి చదివితే గానీ సంగతి బయటపడదు.

అసలు ఈ లెటర్స్ అందరికీ అవసరం లేదు. వీలునామా రాయకుండా పోయిన హిందువు, ముస్లిం, భారతీయ క్రైస్తవుడు లాంటివారి ఆస్తి మీద హక్కు నిరూపించుకోవడానికి ఇవి తప్పనిసరి కాదని 212వ సెక్షనే మినహాయించింది. అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ కుటుంబాలు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, బ్యాంకు డబ్బుకు అవసరమైతే సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకుని, పొలానికీ ఇంటికీ పేరు మార్పించుకుని సరిపెట్టుకుంటాయి. లెటర్స్ దాకా వెళ్లే సందర్భాలు వేరు. ఉన్న ఒక్క వారసుడూ మైనరై ఉంటాడు. వీలునామా ఉంటుంది గానీ అందులో ఎగ్జిక్యూటర్ (దాన్ని అమలు చేయాల్సిన వ్యక్తి) పేరుండదు, లేదా ఆ ఎగ్జిక్యూటర్ ముందే పోయి ఉంటాడు. వారసులంతా విదేశాల్లో ఉంటారు. ఎస్టేట్ (చనిపోయినవారు వదిలిన ఆస్తి, అప్పుల మొత్తం) తరఫున దావా నడపడానికి ఒక మనిషి కావాల్సి వస్తుంది. పరిమితితో కూడిన మంజూరులు ఎక్కువగా పుట్టేది కూడా ఇలాంటి సందర్భాల్లోనే. అంటే లెటర్స్ నిజంగా అవసరమైన కుటుంబాలకే వాటి గడువు తీరిపోయే ప్రమాదం కూడా ఎక్కువ.

మైనర్ల విషయం 244 నుంచి 246 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. మైనర్ తరఫున గార్డియన్‌కో, కోర్టు తగినవారని భావించిన మరొకరికో మంజూరు ఇస్తారు. అది మైనారిటీ తీరే వరకే. మతిస్థిమితం లేని వారసుడి విషయంలోనూ ఇంతే, ఆరోగ్యం కుదుటపడే వరకు. విదేశాల్లోనో వేరే రాష్ట్రంలోనో ఉన్నవారి తరఫున వాళ్ల పవరాఫ్ అటార్నీ ఉన్న వ్యక్తికి 241 నుంచి 243 వరకు ఉన్న సెక్షన్ల కింద ఇస్తారు. అసలు హక్కుదారు తన పేరున తెచ్చుకోగానే అది ఆగిపోతుంది. వీలునామా నిజమైనదా కాదా అన్న దావా నడుస్తుండగా 247 కింద నియమించే అడ్మినిస్ట్రేటర్ అధికారానికి ఒక ముఖ్యమైన కోత ఉంటుంది. ఆయన ఆస్తిని కాపాడగలడు, అద్దెలు వసూలు చేయగలడు, పన్నులు కట్టగలడు. ఎవరికీ పంచి ఇవ్వలేడు. కోర్టు చెప్పినట్టే నడవాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. తెనాలిలో భార్య, తల్లి ఇద్దరూ ముందే పోయిన ఒక ఉద్యోగి వీలునామా లేకుండా చనిపోయారు. ఏకైక వారసురాలు 14 ఏళ్ల కూతురు. ఆస్తి అంటే ఒక ఇల్లు, బజారులో అద్దెకిచ్చిన రెండు షాపు గదులు, కొన్ని ఎఫ్‌డీలు. జిల్లా కోర్టు ఆ అమ్మాయి మేనమామకు 246 కింద లెటర్స్ ఇచ్చింది. నాలుగేళ్లు ఆయన నిజాయితీగా అన్నీ చూసుకున్నారు. షాపు గది ఖాళీ చేయని కిరాయిదారు మీద దావా కూడా వేశారు. అమ్మాయికి 18 నిండాయి. ఆ రోజుతో మేనమామ అధికారం అయిపోయింది. ఆ రోజు ఇంట్లో పుట్టినరోజు జరిగింది గానీ కాగితాల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రెండు నెలల తర్వాత ఇల్లు కొనడానికి ఒకరు ముందుకొచ్చారు. మేనమామ అడ్మినిస్ట్రేటర్ హోదాలోనే అగ్రిమెంటు రాసి అడ్వాన్సు తీసుకున్నారు. కొనేవాళ్ల లాయరు లింక్ డాక్యుమెంట్లతో పాటు కోర్టు ఉత్తర్వు అడిగారు. 'మైనారిటీ తీరే వరకు' అన్న మాట చూసి రిజిస్ట్రేషన్ ఆపేశారు.

ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి అధికారం ముగిశాక సంతకం పెట్టడం. రెండోది అధికారం ఉన్న రోజుల్లో చేసినా తప్పే అయ్యేది. 307వ సెక్షన్ ప్రకారం చనిపోయినవారు హిందువో ముస్లిమో అయితే, కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అడ్మినిస్ట్రేటర్ స్థిరాస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానం ఇవ్వకూడదు, ఐదేళ్లకు మించి లీజుకు ఇవ్వకూడదు. ఇస్తే ఆస్తిలో ఆసక్తి ఉన్న ఎవరైనా ఆ లావాదేవీని రద్దు చేయించుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ అంటే యజమానితో సమానం అన్న అభిప్రాయం ఊళ్లలో బలంగా ఉంది. దానివల్ల నష్టపోయేది ఎక్కువగా కొనుగోలుదారులే.

మరి ఆ కుటుంబం ఇప్పుడు ఏం చేయాలి? వెంటనే కోర్టుకు పరుగెత్తకముందు ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది. కొత్త లెటర్స్ నిజంగా కావాలా? ఆ అమ్మాయి ఇప్పుడు మేజర్, ఏకైక వారసురాలు. ఇల్లు అమ్మాలంటే తానే సంతకం పెట్టి అమ్మవచ్చు, 212 ఆమెను అడ్డుకోదు. పాత అగ్రిమెంటు స్థానంలో ఆమె పేరున కొత్తది రాస్తే కొనేవాళ్ల టెన్షన్ కూడా తీరుతుంది. ఎఫ్‌డీలకు బ్యాంకు ఒత్తిడి చేస్తే సక్సెషన్ సర్టిఫికెట్ సరిపోతుంది. మళ్లీ లెటర్స్ తెచ్చుకోవడం అర్థవంతమయ్యేది ఎస్టేట్‌కు అప్పులు తీర్చాల్సి ఉన్నప్పుడు, రావలసిన బాకీలు చాలా ఉన్నప్పుడు, వారసులు పలువురై ఒకరి చేతికి పగ్గాలు అవసరమైనప్పుడు, లేదా వీలునామా ప్రకారం పంపకం సగంలో ఆగినప్పుడు. అవసరం లేని చోట రెండోసారి పిటిషన్ వేయించి కుటుంబాన్ని కోర్టు చుట్టూ తిప్పడం అన్యాయం. ఈ మాట లాయర్లు క్లయింట్లకు మొదటి రోజే చెప్పాలి.

అవసరం ఉందనుకుంటే దారి 260వ సెక్షన్. పరిమితితో ఇచ్చిన మంజూరు కాలం తీరి గానీ, అనుకున్న సంఘటన జరిగి గానీ ముగిసిపోయి, ఎస్టేట్‌లో ఇంకా కొంత భాగం మిగిలి ఉంటే, మొదట ఎవరికి ఇవ్వదగి ఉండేదో వాళ్లకే మళ్లీ లెటర్స్ ఇవ్వాలని అది చెబుతుంది. పై ఉదాహరణలో ఆ అర్హత అమ్మాయిదే, మేనమామది కాదు. ఇన్నాళ్లు చూసుకున్న మనిషే కదా అని పాత అడ్మినిస్ట్రేటర్ పేరునే పిటిషన్ వేస్తే అభ్యంతరాలు రావడానికి తలుపు తెరిచినట్టే. పొడిగింపు అడగడమూ ఇక్కడ కుదరదు. 18 నిండడం జరిగిపోయిన సంఘటన, దాన్ని కోర్టు వెనక్కి జరపలేదు. కోర్టు తానే ఒక తేదీ పెట్టిన మంజూరు అయితే కథ వేరు. అక్కడ గడువు దాటకముందే అదే ఓ.పి.లో (అసలు పిటిషన్‌లో) ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసి, పని ఎందుకు మిగిలిందో చూపి సమయం అడగడం సులువైన మార్గం. గడువు దాటాక వెళ్తే అది పొడిగింపు అడిగినట్టు ఉండదు, మొదటి నుంచీ మొదలుపెట్టినట్టు అవుతుంది.

అడ్మినిస్ట్రేటర్ చనిపోయినప్పుడు జరిగే పొరపాటు ఇంకో రకం. నాన్న చూసేవారు కాబట్టి ఇక నేను చూస్తానని కొడుకు రంగంలోకి దిగుతాడు. ఆస్తి వారసత్వంగా వస్తుందేమో గానీ అడ్మినిస్ట్రేటర్ పదవి రాదు. మిగిలిన భాగానికి కొత్త ప్రతినిధిని నియమించే సంగతి 258, 259 సెక్షన్లలో ఉంది. అక్కడ కూడా మొదటి మంజూరుకు వర్తించే నియమాలే వర్తిస్తాయి. అలా వచ్చిన కొత్త అడ్మినిస్ట్రేటర్‌కు, మిగిలిన ఆస్తి వరకు, పాతవారికి ఉన్న అధికారాలన్నీ ఉంటాయని 313 స్పష్టంగా చెబుతుంది. ఒక ఊరట కూడా ఉంది. మొదట ఇద్దరికో ముగ్గురికో కలిపి లెటర్స్ ఇచ్చి ఉంటే, ఒకరు పోయినా 312 ప్రకారం అధికారం మొత్తం బతికున్నవారికి చేరుతుంది. కొత్త మంజూరు అక్కర్లేదు. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, పోయినవారి డెత్ సర్టిఫికెట్ చూపిస్తే చాలు. వయసు మళ్లిన ఒక్కరి పేరున కాకుండా ఇద్దరి పేరున తీసుకోవడంలో ఉన్న లాభం ఇది. మొదటి పిటిషన్ వేసేటప్పుడు ఈ సంగతి ఎవరైనా చెబితే ఎన్నో ఇళ్లలో రెండోసారి తిరుగుడు తప్పుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నడుమ ఖాళీ కాలం. పాత అధికారం ముగిసింది, కొత్తది ఇంకా రాలేదు. ఎస్టేట్ తరఫున దావా వేసిన అడ్మినిస్ట్రేటర్ ఈలోగా చనిపోతే, ఆయన స్థానంలోకి వచ్చేవారిని రికార్డులోకి తేవాలన్న దరఖాస్తు 90 రోజుల్లో పడాలి. లేకపోతే దావా అబేట్ అవుతుంది, అంటే అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకోవడానికి మళ్లీ పిటిషన్లు, మళ్లీ కారణాలు. కొత్త లెటర్స్ వచ్చేదాకా ఆగుదాం అనుకుంటే ఈ 90 రోజులు చేజారిపోతాయి. అందుకే ఓ.పి. వేసిన నంబరు చూపించి దావా నడుస్తున్న కోర్టులో వెంటనే దరఖాస్తు పెట్టడం మంచిది.

ఖాళీ కాలంలో చేసిన పనులన్నీ తర్వాత వచ్చే కాగితంతో చెల్లుబాటు అవుతాయన్న ధైర్యం చాలామందికి ఉంటుంది. దానికి ఆధారంగా చూపించేది 220వ సెక్షన్. లెటర్స్ ఇస్తే, మరణం జరిగిన మరుక్షణమే ఇచ్చినట్టు హక్కులు వస్తాయని అది అంటుంది. కానీ దాని పక్కనే 221 ఉంది. ఎస్టేట్‌ను తగ్గించే, నష్టపరిచే నడుమ పనులు దేన్నీ లెటర్స్ చెల్లుబాటు చేయవని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఇంటి పైకప్పు కారుతుంటే బాగు చేయించడం, కరెంటు బిల్లు కట్టడం, మున్సిపల్ పన్ను కట్టడం లాంటివి ఎవరూ తప్పుపట్టరు. ఆస్తిని కాపాడటం కోసం, కుటుంబం తక్షణ అవసరాల కోసం చేసే పనులను 303వ సెక్షన్ కూడా మినహాయించింది. అంతకు మించి, అధికారం లేకుండా ఆస్తిలో వేలు పెట్టినవారు తమ చేతికి వచ్చినదానికి తర్వాత వచ్చే అసలు అడ్మినిస్ట్రేటర్‌కు లెక్క చెప్పాల్సి ఉంటుంది. ఈ కాలంలో ఆస్తి నిజంగా పాడైపోయే పరిస్థితి ఉంటే కోర్టునే అడగవచ్చు. పిటిషన్ పెండింగ్‌లో ఉండగా తాత్కాలిక అడ్మినిస్ట్రేటర్‌ను 247 కింద నియమించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ కింద రిసీవర్‌ను (కోర్టు తరఫున ఆస్తిని చూసే వ్యక్తిని) కూడా కోరవచ్చు.

కొత్త పిటిషన్‌లో కొత్తగా చూపించాల్సింది పెద్దగా లేదు, జాగ్రత్తగా చూపించాల్సింది మాత్రం ఉంది. పాత ఓ.పి. నంబరు, ఉత్తర్వు తేదీ, ఏ పరిమితి ఎలా ముగిసింది, దానికి రుజువు. పుట్టిన తేదీ సర్టిఫికెట్టో, డెత్ సర్టిఫికెట్టో, కేసు తీర్పో. ఆ తర్వాత షెడ్యూల్. ఇక్కడే తొందరపాటు కనిపిస్తుంది. పాత పిటిషన్‌లోని ఆస్తుల జాబితానే యథాతథంగా అతికిస్తారు. అప్పటికే వసూలైన ఎఫ్‌డీ, అమ్మేసిన కారు, తీరిపోయిన బాకీ కూడా అందులో ఉండిపోతాయి. అడగాల్సింది మిగిలిన ఆస్తికి మాత్రమే. అయిపోయినవి వేరుగా, ఎప్పుడు ఎంతకు ఎలా అయ్యాయో రాసి పెట్టాలి. తర్వాత మామూలుగానే మిగతా వారసులకు నోటీసులు వెళ్తాయి, పేపరు ప్రకటన వస్తుంది. ఎవరైనా కేవియట్ వేసి ఎదిరిస్తే అది మామూలు దావా రూపం దాలుస్తుంది. అభ్యంతరం లేనివారి నుంచి ముందే అఫిడవిట్లు తీసుకుంటే నెలలు కలిసొస్తాయి.

ఫీజు దగ్గర ఒక మాట. ఎస్టేట్ మొత్తానికి ఒకసారి పూర్తి ఫీజు కట్టి మంజూరు తీసుకున్నాక, అదే ఆస్తికి అలాంటి మంజూరు మళ్లీ ఇచ్చేటప్పుడు ఫీజు వసూలు చేయకూడదన్న సూత్రం 1870 కోర్టు ఫీజుల చట్టంలోనే ఉంది. మన రాష్ట్రాల్లో లెక్క నడిచేది 1956 నాటి రాష్ట్ర చట్టం మీద కాబట్టి, పాత ఫీజు రసీదు, పాత ఉత్తర్వు కాపీ పిటిషన్‌కు జతచేసి మినహాయింపు కోరాలి. రసీదు దొరక్క రెండోసారి కట్టే పరిస్థితి రాకూడదు.

తెలుగువారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది. జిల్లా జడ్జి ఇచ్చిన లెటర్స్ సాధారణంగా ఆ రాష్ట్రం వరకే పనిచేస్తాయి. వేరే రాష్ట్రంలో ఉన్న ఆస్తి విలువ 10,000 రూపాయలు దాటలేదని జడ్జి ధ్రువీకరిస్తేనే 273వ సెక్షన్ కింద బయట కూడా చెల్లుతాయి. ఆ మొత్తంతో ఇవాళ హైదరాబాద్‌లో ఒక నెల అద్దె కూడా రాదు. 2014 జూన్ 2 తర్వాత గుంటూరులో ఇల్లు, హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్న కుటుంబం ఆస్తి రెండు రాష్ట్రాల ఆస్తి అయిపోయింది. హైకోర్టు మంజూరు ఇస్తే అది దేశమంతటా చెల్లుతుంది. జిల్లా జడ్జితో సమానంగా హైకోర్టుకు కూడా ఈ అధికారం ఉందని 300వ సెక్షన్ చెబుతోంది. మొదటిసారి జిల్లా కోర్టులో తీసుకుని ఫ్లాట్ దగ్గర ఇరుక్కున్నవారు, మళ్లీ తీసుకోవాల్సి వచ్చినప్పుడైనా ఈ లోటు సరిదిద్దుకోవచ్చు. సక్సెషన్ సర్టిఫికెట్‌కు ఈ బాధ లేదు. అది దేశమంతటికీ వర్తిస్తుంది. తర్వాత బయటపడిన బ్యాంకు డిపాజిట్‌ను, షేర్లను పాత సర్టిఫికెట్‌కే చేర్చమని 376 కింద అదే కోర్టును అడగవచ్చు, కొత్తది అక్కర్లేదు. కాకపోతే అది బాకీలకూ సెక్యూరిటీలకే, ఇళ్లకూ పొలాలకూ కాదు.

విదేశాల్లో ఉన్నవారి సంగతికొస్తే, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు విజయవాడలోని బాబాయికి పవరాఫ్ అటార్నీ ఇచ్చి, ఆయన పేరున లెటర్స్ తీసుకోవడం మామూలే. బాబాయి చనిపోతే ఆ మంజూరు ఆగుతుంది. కొడుకు తన పేరున తెచ్చుకున్నా ఆగుతుంది. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టాలంటే కొత్త పవరు కావాలి. విదేశంలో రాసిన ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు తెరిచి అలమారాలో పెట్టేసి ఈ మూడు నెలలు దాటించుకునేవారు తక్కువేం కాదు. ఇక అమెరికాలో ఉన్న ఖాతాలకు మన కోర్టు లెటర్స్ నేరుగా పనిచేయవు, అక్కడి కోర్టు నుంచి వేరుగా తెచ్చుకోవాలి. అక్కడ మంజూరు చెల్లుబాటులో ఉన్నా, చాలా బ్యాంకులు ఇటీవలి తేదీ ఉన్న సర్టిఫైడ్ కాపీనే కోరతాయి. అందుకోసం కోర్టు గుమాస్తా దగ్గర కొత్త తేదీతో కాపీ తీసుకుంటారు. అక్కడున్న మనవాళ్లు రెన్యువల్ అని పిలిచేది తరచుగా ఇదే. ఆ మాట విని ఇక్కడ గడువు తీరిన మంజూరుకు కూడా కొత్త సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. కాపీ కొత్తదైనా లోపల ఉత్తర్వు పాతదే.

ఆలస్యం గురించి. ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) లేదా లెటర్స్ కోసం వేసే పిటిషన్‌కు కాలపరిమితి (లిమిటేషన్) చట్టంలోని 137వ ఆర్టికల్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అంటే మూడేళ్లు. ఆ మూడేళ్లు మరణం నుంచి కాదు, పిటిషన్ వేయాల్సిన అవసరం ఏర్పడినప్పటి నుంచి. మంజూరును రద్దు చేయమని అడగడానికి కూడా అదే మూడేళ్ల లెక్క అని 2017లో తేల్చింది. పాత మంజూరు ముగిసి ఏళ్లు గడిచినవారికి అవసరం ఎప్పుడు పుట్టిందో చూపించుకోవడమే పెద్ద వాదన అవుతుంది. దాన్ని రాతపూర్వకంగా నిలబెట్టే బ్యాంకు లేఖ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తిరస్కరణ పత్రం లాంటివి భద్రంగా ఉంచుకోవాలి.

పాత అడ్మినిస్ట్రేటర్ లెక్కలు చెప్పకుండా వెళ్లిపోతే కొత్త మంజూరు కూడా నత్తనడకే. మంజూరు వచ్చిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు ఇవ్వాలని 317 చెబుతుంది. కావాలంటే కోర్టు గడువు పెంచుతుంది, అడిగితేనే. సరైన కారణం లేకుండా కావాలనే ఇవ్వకపోతే 263 కింద మంజూరు రద్దు చేయడానికి అది ఒక్కటే చాలు. మేనమామ లాంటి మంచివాళ్లు కూడా ఈ పని వదిలేస్తారు. మన పిల్ల ఆస్తికి మనం లెక్క రాయడమేమిటి అనుకుంటారు. తర్వాత ఆ పిల్లకు పెళ్లయి, అల్లుడి తరఫువాళ్లు అద్దెలెటు పోయాయని అడిగిన రోజు చూపించడానికి ఒక్క కాగితం ఉండదు. పాత మంజూరు కోసం బాండు మీద సంతకం పెట్టిన జామీనుదారులు కూడా ఆ రోజే గుర్తొస్తారు. కొత్త అడ్మినిస్ట్రేటర్ కొత్త బాండు ఇచ్చినంత మాత్రాన పాత బాండు పాత కాలానికి చెల్లకుండా పోదు. షరతులు తప్పారని తేలితే కోర్టు ఆ బాండును ఇంకొకరికి అప్పగించి, వసూలు చేసుకోమని 292 కింద అనుమతి ఇవ్వగలదు. అందుకే మైనారిటీ తీరే రోజుకు ముందే లెక్కలు దాఖలు చేసి, వాటి సర్టిఫైడ్ కాపీ ఒకటి వారసురాలి చేతికి, ఒకటి జామీనుదారుల చేతికి ఇవ్వడం మేనమామకే రక్ష.